చేతికి అడ్డు రాని చెక్క

భిలాయిలో మా రిసాలి క్వార్టర్ వరండాలో చాప పరిచి, దాని మీద పాత దుప్పటి మడతేసి, గిటారును వెల్లకిలా పడుకోబెట్టాను. తీగలు ఆరూ అప్పటికే విప్పేశాను. ముందువైపు తెల్ల ప్లాస్టిక్ పలక అంచు చుట్టూ చిన్న చిన్న స్క్రూలు పదకొండున్నాయి. ఒక్కొక్కటే తీసి, ఏది ఏ బెజ్జానిదో కలిసిపోకుండా అట్టముక్క మీద అదే వరసలో గుచ్చుకుంటూ వస్తాను. ఇది నాన్న దగ్గర పట్టుబడిన అలవాటు. భిలాయి స్టీల్ ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన మనిషి. మళ్లీ బిగించడం రానివాడు దేన్నీ విప్పకూడదంటాడు. పదకొండో స్క్రూ కూడా వచ్చేశాక పలకను రెండు చేతులా ఎత్తితే మూడు పికప్‌లు, మూడు గుబ్బలు, స్విచ్చి, వాటి వైర్లు అన్నీ ఆ పలకను పట్టుకునే పైకి వస్తాయి. కింద తొలిచిన చెక్క మిగులుతుంది. రేడియో వెనక అట్ట ఊడదీసినట్టుంటుంది.

రేడియో మాట ఊరికే రాలేదు. ఈ గిటారు కలకత్తాలో తయారైంది. ఇరవై ఏళ్ల కిందట, గణేశ్ పందిళ్లలో ఆర్కెస్ట్రాలో వాయించే ఒక మిత్రుడు హౌరా బండిలో తెచ్చుకుని, రెండేళ్లు వాడి, నాకమ్మాడు. రూపం మాత్రం కలకత్తాది కాదు. అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో, 1938లో రేడియోలు బాగుచేసే షాపు పెట్టుకున్న లియో ఫెండర్ అనే ఆయన 1954లో బయటికి తెచ్చిన స్ట్రాటోక్యాస్టర్‌కి ఇది నకలు. ఎవరినైనా ఎలక్ట్రిక్ గిటారు బొమ్మ గీయమనండి, రెండు కొమ్ములూ సన్నటి నడుమూ ఉన్న ఈ బొమ్మే గీస్తారు. దాన్ని చూసి చేసిన నకళ్లు ఎన్ని దేశాల్లో ఎన్ని వచ్చాయో లెక్క లేదు. డెబ్బై ఏళ్లు దాటినా అసలు రూపం పెద్దగా మారలేదు.

ఒక వస్తువు ఇన్నాళ్లు ఇలా నిలిచిందంటే దానికో కారణం ఉండాలి. విప్పి బిగించీ బిగించీ నాకు తోచిన కారణం ఒకటే. ఈ గిటారును చేసినవాళ్లు చేతికి, ఒంటికి, చెవికి ఏది అడ్డొస్తే దాన్ని తీసేస్తూ పోయారు. దీని అందమంతా ఆ తీసేసిన చోట్లలోనే ఉంది.

అసలు గిటారంటే డొల్ల పెట్టె. తీగ కదిలితే పైపలక కదులుతుంది, లోపలి గాలి కదులుతుంది, ఆ గాలి గుండ్రటి కన్నంలోంచి మన చెవికి చేరుతుంది. బ్యాండులో ట్రంపెట్ల పక్కన, డ్రమ్ముల పక్కన ఆ శబ్దం ఆనేది కాదు. అయస్కాంతపు పికప్ తగిలించి యాంప్లిఫయరుకు కలిపితే ఇంకో తంటా. స్పీకరులోంచి వచ్చే శబ్దానికి డొల్ల పెట్టే తిరిగి ఊగుతుంది, ఆ ఊపు మళ్లీ పికప్‌లోకి వెళుతుంది, హాలంతా కూత. గిటారుకు డొల్ల అక్కర్లేదని ముందు తెలుసుకున్నది హవాయి గిటారు వాళ్లు. 1930ల మొదట్లో జార్జ్ బోషాంప్ అనే వాద్యకారుడి ఊహతో రికెన్‌బ్యాకర్ కంపెనీ అమ్మిన మొదటి ఎలక్ట్రిక్ గిటారు అల్యూమినియం పోతపని. గుండ్రటి ఒళ్లూ పొడుగు మెడా కలిసి అచ్చం వేపుడు పెనంలా ఉండేది. జనం దానికి పెట్టిన పేరూ అదే. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఇనపకడ్డీని తీగల మీద జరుపుతూ వాయించేవారు. మన గోటువాద్యానికి అది దూరపు చుట్టం.

ఫెండర్ మొదట చేసినవీ అలాంటి ఒళ్లో గిటార్లే. తర్వాత నిలబడి వాయించే గిటారుకు అదే సూత్రం పట్టించి, 1950లో గట్టి చెక్క గిటారు అమ్మకానికి పెట్టాడు. దానికి పెట్టిన బ్రాడ్‌క్యాస్టర్ అన్న పేరు అప్పటికే ఇంకో కంపెనీ డ్రమ్ములకు ఉందని తేలి, 1951లో టెలిక్యాస్టర్‌గా మార్చాడు. అది మంచి వాద్యం, ఈ రోజుకీ వాయిస్తున్నారు. కానీ ఒళ్లు చూస్తే రంపంతో కోసిన పలక. అంచులు నిటారుగా దిగుతాయి. రోజుకు నాలుగైదు గంటలు డ్యాన్సు హాళ్లలో వాయించేవాళ్లకు ముంజేతి కింద ఒక అంచు, పక్కటెముకల దగ్గర ఇంకో అంచు గుచ్చుకునేవి. బిల్ కార్సన్, రెక్స్ గాలియన్ లాంటి వాద్యకారులు ఈ మాట ఫెండర్ చెవిన వేశారంటారు. ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు, శ్రుతి చేయడం కూడా రాదు. అందుకే కాబోలు, వచ్చినవాళ్లు చెప్పింది శ్రద్ధగా విన్నాడు. తనకు వాయించడం వస్తే తన చేతికి సరిపోయిన చోట ఆగిపోయేవాడేమో అని నాకనిపిస్తుంది.

ఆ కొత్త గిటారుకు నిలువెత్తు నమూనా గీసినవాడు ఫ్రెడ్డీ టవారెస్. హవాయిలో పుట్టిన స్టీల్ గిటారు విద్వాంసుడు, 1953లో ఫెండర్ దగ్గర పనికి చేరాడు. ముంజెయ్యి ఆనేచోట పైఅంచును వాలుగా చిత్రిక పట్టారు. వెనకవైపు పొట్టకు ఆనేచోట అరచెయ్యి పట్టేంత లోతుగా చెక్క తోడేశారు. కింది కొమ్ము దగ్గర చివరి మెట్లకు వేళ్లు అందడానికి లోపలికి కోశారు. పై కొమ్ము పొడవు పెంచారు. భుజం పట్టీ కొక్కెం ఆ కొమ్ము చివర ఉంటుంది కాబట్టి, అది ముందుకు జరిగితే గిటారు మెడ బరువుకు కిందికి వాలిపోదు. అంటే ఆ కొమ్ము సోకు కోసం పెట్టింది కాదు, తూకం కోసం పెట్టింది.

మా అమ్మ పుట్టింటిది బొబ్బిలి పక్క ఊరు. దుర్గ్‌లో విశాఖపట్నం బండెక్కితే రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం దాటి బొబ్బిలిలో దిగుతాం. భిలాయిలో ఉన్న ఉత్తరాంధ్ర వాళ్లందరికీ ఆ దారిలో స్టేషన్లు వరసగా నోటికొచ్చు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడల్లా మా మేనమామ సైకిలు మీద గొల్లపల్లి తీసుకెళ్లేవాడు, సర్వసిద్ధి వారి వీణల పని చూడ్డానికి. పనస మొద్దు ఒకటే తీసుకుని, కుండా దండీ వేరు వేరుగా చేసి అతకకుండా, ఏకాండిగా తొలుస్తారు. ఉలి లోపలికి దిగుతున్నకొద్దీ చప్పుడు మారుతుంది. మొదట మొద్దు మీద కొట్టిన చప్పుడు, కాసేపటికి కుండ మీద కొట్టిన చప్పుడు. ఎంత తొలవాలో ఆ చప్పుడే చెబుతుంది. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విని, మళ్లీ రెండు పొరలు తీసేవాళ్లు.

వీణలో చెక్క తీసేది నాదం కోసం, లోపలి నుంచి. స్ట్రాటోక్యాస్టర్‌లో తీసేది మనిషి కోసం, బయటి నుంచి. ఒక దాంట్లో చెక్క పాడుతుంది, ఇంకో దాంట్లో చెక్క తీగను కదలకుండా పట్టుకుని, తీగను పాడనిస్తుంది. మొదటి రెండేళ్లు యాష్ కర్ర వాడారు, 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్. మందం 44 మిల్లీమీటర్ల దరిదాపు. నా కలకత్తా గిటారు ఏ కర్రదో రంగు గీకితే గానీ తెలియదు, గీకను. కానీ వెనకవైపు లోతు మీద ఎప్పుడు చెయ్యి వేసినా, గొల్లపల్లిలో తొలిచిన కుండ లోపలి గోడను నిమిరిన చెయ్యే గుర్తొస్తుంది.

ఇప్పుడు పికప్ సంగతి. తిరగేసిన పలక మీద మూడు పికప్‌లు వరసగా ఉన్నాయి. ఒక దాని తెల్ల మూత లాగేస్తే ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ రాగితీగ చుట్ట. కడ్డీలు అల్నికో, అంటే అల్యూమినియం, నికెలు, కోబాల్టు, ఇనుము కలిసిన లోహం. పాత స్ట్రాటోక్యాస్టర్ పికప్‌లో రాగితీగ తలవెంట్రుక మందం, చుట్లు 8000 దరిదాపు. కడ్డీ తన పైనున్న ఉక్కు తీగను కూడా కాస్త అయస్కాంతం చేస్తుంది. తీగ మీటగానే ఆ అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, ఊగితే రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. సైకిలు డైనమో సూత్రమే. అందుకే ఈ పికప్‌కి ఇనుము జాతి తీగ ఉంటేనే వినిపిస్తుంది. నైలాన్ తీగ వేస్తే చెవిటిది. ఇత్తడి తీగ వేస్తే దాదాపు చెవిటిది. భిలాయి వాళ్లమంతా ఇనుము తిని బతికినవాళ్లం. దల్లీ రాజహరాలో తవ్విన ఖనిజం, 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు, దాని వెనక వచ్చిన మిల్లులు మమ్మల్ని సాకాయి. ఇనుము తప్ప ఇంకేదీ వినపడని వాద్యం నాకు నచ్చడంలో వింత లేదు.

కడ్డీలు ఆరూ ఒకే ఎత్తులో ఉండవు. వేలు ఆనించి చూస్తే మెట్లలా తగులుతాయి. 1954లో మూడో తీగ కూడా చుట్టు తీగే. లోపల సన్నటి ఉక్కు, పైన చుట్టిన తీగ. అది బలహీనంగా వినపడుతుందని దాని కింది కడ్డీని, పక్క కడ్డీని ఎత్తు చేశారు. తర్వాత వాయించేవాళ్లు లాగి వంచడానికి వీలుగా మూడో తీగ కూడా చుట్టు లేనిది వేసుకోవడం మొదలెట్టారు. కడ్డీ ఎత్తు మాత్రం పాత నమూనా గిటార్లలో అలాగే ఉండిపోయింది, అందుకే మూడో తీగ కాస్త గట్టిగా అరుస్తుంది. గిటారు తన పుట్టిన ఏడును ఆ కడ్డీల్లో దాచుకుంది.

మెడ దగ్గరి పికప్, మధ్యది నిటారుగా ఉంటాయి. గుర్రం, అంటే తీగలు ఆనే బ్రిడ్జి, దాని దగ్గరిది ఏటవాలుగా ఉంటుంది. తీగ గుర్రానికి దగ్గరగా ఉన్నచోట శబ్దం సన్నగా, పదునుగా ఉంటుంది. లావు తీగల వైపు పికప్‌ని కాస్త దూరంగా జరిపితే వాటికి నిండుదనం నిలుస్తుంది. జిమీ హెండ్రిక్స్ ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి గిటారునే తలకిందులు చేసి, తీగలు తిరగేసి వేసుకున్నాడు. దాంతో ఆ ఏటవాలూ తిరగబడింది. లావు తీగలకు బిగువు, సన్న తీగలకు మెత్తదనం వచ్చాయి. 1969లో వుడ్‌స్టాక్‌లో ఆయన చేతిలో ఉన్న తెల్ల స్ట్రాటోక్యాస్టర్ శబ్దంలో ఆ తిరగబడిన వాలు కూడా ఉంది.

ఈ ఒంటి చుట్ట పికప్‌లకు ఒక లోపం ఉంది. గోడలో పోయే కరెంటు గుయ్యిమనడం కూడా పట్టేస్తాయి. మా క్వార్టర్‌లో ట్యూబులైటు వేశామంటే గిటారు మూలుగుతుంది. కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే తగ్గుతుంది, ఇంకాస్త తిరిగితే మళ్లీ పెరుగుతుంది. ఏ దిక్కుకు కూర్చుంటే శాంతమో కొన్నాళ్లకు ఒంటికే తెలుస్తుంది. 1950ల్లోనే ప్రత్యర్థి కంపెనీ గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టల్ని ఎదురుబొదురుగా కలిపి ఆ మూలుగును చంపేశాడు. లెస్ పాల్ గిటారుకు 1957 నుంచి వచ్చిన ఆ లావుపాటి గొంతు అదే. మంచి గొంతే. కానీ స్ట్రాటోక్యాస్టర్ గొంతులోని గాజు గీతలాంటి స్పష్టత దానికి లేదు. ఆ స్పష్టత కావాలంటే మూలుగును కూడా భరించాలి, నేను భరిస్తాను.

ఈ రాగి చుట్టలు చుట్టినవాళ్ల గురించి ఒక మాట. అబిగైల్ యబార్రా 1956లో ఫెండర్‌లో చేరి, యంత్రం తిరుగుతుంటే సన్న రాగితీగను వేళ్ల మధ్యలోంచి వదులుతూ పికప్‌లు చుట్టింది. వేలి ఒత్తిడిలో తేడా వస్తే చుట్టలో తేడా వస్తుంది, శబ్దంలో తేడా వస్తుంది. ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండని ఆ చుట్టల్నే ఇవాళ పాత గిటార్లలో వెతుక్కుంటున్నారు. మెడలు చెక్కిన టడియో గోమెజ్, మెడ మడమ మీద పెన్సిలుతో తన పొడి అక్షరాలు రాసి పెట్టేవాడు. తొలి ఏళ్ల గిటార్లు విప్పితే లోపలి గుంటలో కాగితపు టేపు ముక్క మీద మేరీ అనో, గ్లోరియా అనో వైర్లు అతికిన అమ్మాయి పేరు కనపడేది. పలక స్క్రూలు విప్పినవాడికి తప్ప కనపడని పేర్లు అవి. భిలాయిలో తయారైన రైలు పట్టా మీద కంపెనీ పేరూ ఏడూ ఉబ్బెత్తున ఉంటాయి. దాన్ని సాగదీసిన షిఫ్టులో ఎవరున్నారో ఎక్కడా ఉండదు. అందుకే ఆ టేపు ముక్కల సంగతి తెలిసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

గిటారును బోర్లా తిప్పుతున్నాను. వెనకవైపు ఒక దీర్ఘచతురస్రపు గుంట, దాంట్లో స్ప్రింగులు మూడు. అయిదు పట్టేంత చోటుంది, చాలామంది మూడే వేస్తారు. వీటిని విప్పేటప్పుడు నాన్న కళ్లద్దాలు పెట్టుకుని పక్కకు వచ్చి కూర్చుంటాడు. ఆయనకు ఈ గిటారులో పాటకన్నా ఇది ఎక్కువ ఇష్టం. ముందువైపు తీగలన్నీ కలిసి 45 కిలోల దరిదాపు లాగుతుంటాయి. గుర్రం కింద బరువైన ఉక్కు దిమ్మ ఒకటి ఒళ్లును దాటి వెనక్కి వచ్చి, ఈ స్ప్రింగులకు తగులుకుని ఉంటుంది. గుర్రం ఆరు స్క్రూల అంచు మీద కత్తి మొనలా ఆని ఊగుతుంది. తక్కెడే. ఒక సిబ్బెలో తీగలు, ఒక సిబ్బెలో స్ప్రింగులు. పైనున్న కడ్డీని చిటికెనవేలితో నొక్కితే తక్కెడ ఒరుగుతుంది, శ్రుతి దిగుతుంది. వదిలేస్తే మళ్లీ పూర్వస్థితికి రావాలి. రాకపోతే వాద్యం పనికిరాదు. మొదట చేసిన పద్ధతి సరిపడక, 1953 చివర్లో దాన్ని పారేసి, ఫెండర్ మళ్లీ మొదటి నుంచి ఆలోచించాడు. తీగ మోగుడు నిలవాలంటే గుర్రానికి బరువు కావాలని ఆ దిమ్మ పెట్టాడు. 1954లో అది ఉన్న గిటారు ధర 249 డాలర్ల 50 సెంట్లు, లేనిదానికి ఇరవై తక్కువ. దీన్ని ఆయన ట్రెమొలో అన్నాడు. ట్రెమొలో అంటే శబ్దం పెరిగి తగ్గడం, స్వరం ఊగడాన్ని వైబ్రాటో అనాలి. డెబ్బై ఏళ్లుగా అందరం ఆయన తప్పు పేరునే వాడుతున్నాం.

స్విచ్చి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చేసినవాడికన్నా వాయించినవాడు ముందుకు పోయాడు. మొదట ఇచ్చింది మూడు గాట్ల స్విచ్చి. మూడు పికప్‌ల్లో ఏదో ఒకటే పలకాలి. వాయించేవాళ్లు స్విచ్చిని రెండు గాట్ల మధ్యలో నిలబెడితే రెండు పికప్‌లు కలిసి, కాస్త ముక్కుతో మాట్లాడుతున్నట్టు, నీళ్లలో తడిసినట్టు ఒక కొత్త గొంతు వస్తుందని కనిపెట్టారు. నిలవని స్విచ్చిని అగ్గిపుల్ల దోపి నిలిపారు. అయిదు గాట్ల స్విచ్చి కంపెనీ వాళ్లు పెట్టింది 1977లో. ఇరవై మూడేళ్లు పట్టింది. ఇవాళ స్ట్రాటోక్యాస్టర్ గొంతు అని జనం గుర్తుపట్టేది ఎక్కువగా ఆ మధ్య గొంతునే.

ఇక మెడ. నాలుగు స్క్రూలు, కింద ఒక ఇనప బిళ్ల. జిగురు లేదు. పాతకాలపు గిటారు తయారీదార్లకు ఇది చిన్నతనంగా తోచింది. మెడను ఒంటిలో దూర్చి, జిగురు పెట్టి, జీవితాంతం ఉండేలా అతకడం వాళ్ల పద్ధతి. ఫెండర్ రిపేరు షాపువాడు. ఏ వస్తువైనా ఒకరోజు పాడై బల్ల మీదకు వస్తుందని అతనికి తెలుసు. మెట్లు అరిగాయా, మెడ విప్పి పారేసి ఇంకోటి బిగించు. నాన్న ఈ మాట మొదటిసారి విన్నప్పుడు, ‘రోలు అరిగితే మిల్లు ఆపి రోలు మారుస్తాం, మిల్లునే మార్చం కదరా’ అన్నాడు. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాటోక్యాస్టర్లు కొన్ని కొని, వాటిలో మూడింటిలోంచి మంచి భాగాలు ఏరి ఒకటి చేయించుకున్నాడు. బ్లాకీ అని పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి వాయించాడు. 2004లో అది వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది. డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోక్యాస్టర్ 2019లో దాదాపు 40 లక్షల డాలర్లకు పోయింది. ఆయన దానికి మెడలు, పికప్‌లు ఎన్నోసార్లు మార్చాడు. విప్పి బిగించుకోడానికి చేసిన వస్తువును విప్పి బిగించుకుంటూ వాడినవాళ్ల గిటార్లే అంత విలువ చేయడం నాకు సంతోషంగా ఉంటుంది.

1965 జనవరిలో సీబీఎస్ అనే పెద్ద సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు ఫెండర్ కంపెనీని కొంది. ఆ ఏడు చివర్లోనే గిటారు తల పెద్దదైంది. 1971లో మెడకు నాలుగు స్క్రూల బదులు మూడే పెట్టారు. పాత గిటార్లకు గిరాకీ పెరిగింది ఆ రోజుల్లోనే. ఇవాళ ‘వింటేజ్’ అని ముచ్చటగా అంటున్న మాట వెనక ఆ కాలపు అసంతృప్తి ఉంది. 1982లో కంపెనీయే పాత నమూనాలను మళ్లీ చేయడం మొదలుపెట్టింది, 1985లో అందులో పనిచేసేవాళ్లే కొందరు కలిసి కంపెనీని కొనుక్కున్నారు. ఈ సంగతులు ఇంతటితో చాలు.

తెలుగు చెవికి ఈ వాద్యం దగ్గర ఒక చిక్కు ఉంది. అమ్మ బొబ్బిలి వైపు వీణ కచేరీలు విని పెరిగింది. నేను తోడి రాగం గిటారు మీద పట్టబోయినప్పుడల్లా వంటింట్లోంచి, ‘గాంధారం నిలబెట్టేస్తున్నావురా, ఊగాలి అది’ అనేది. వీణ మెట్లు మైనంలో నిలబెట్టి ఎత్తుగా ఉంటాయి. ఒక్క మెట్టు మీదే తీగను పక్కకు లాగి మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. గిటారు మెట్లు పొట్టివి. సన్న తీగలు వేసుకుని లాగితే ఒక స్వరం, బలం పెడితే ఒకటిన్నర. అందుకే జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారు వాద్యకారుడు 1970ల్లో శక్తి అనే బృందంలో వాయించిన గిటారుకు మెట్ల మధ్య చెక్కను దొప్పలా తోడించుకున్నాడు, వేలు చెక్కకు తగలకుండా తీగను నొక్కి లాగడానికి. అక్కడా తీసేసిందే దారి చూపింది.

ఆ మెక్‌లాఫ్లిన్ పక్కనే తర్వాత రోజుల్లో ‘రిమెంబర్ శక్తి’లో కూర్చుని వాయించింది మన పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని ఆరేళ్ల వయసులో పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విని తీగల మీద వెతుక్కునేవాడు. లియో ఫెండర్‌కి గిటారు రాకపోవడం, సుబ్బరాజు గారికి మాండొలిన్ రాకపోవడం నాకు ఎప్పుడూ పక్కపక్కనే గుర్తొస్తాయి. ‘ఇలా పట్టు’ అని చెప్పేవాళ్లు లేని చోట, చెయ్యి తనకు కావలసింది తానే వెతుక్కుంది.

మాండొలిన్ ఇటలీ వాద్యం. తీగలు ఎనిమిది, రెండేసి జతగా నాలుగు జతలు. మీటితే శబ్దం వెంటనే చచ్చిపోతుంది కాబట్టి, గబగబా మీటుతూ నిలబెడతారు. జత తీగల మీద గమకం పట్టబోతే రెండూ ఒకే కొలతలో లాగబడవు, ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. గాంధారం ఊగే బదులు చీలిపోతుంది. శ్రీనివాస్ జతలు తీసేశాడు. ఒంటి తీగలు పెట్టి, మంద్రం కోసం ఒకటి చేర్చి, మొత్తం అయిదు తీగలు చేసుకున్నాడు. డొల్ల పెట్టె తీసేసి గట్టి చెక్క ఎలక్ట్రిక్ వాద్యానికి వచ్చాడు. అప్పుడు ఒక మీటుకు స్వరం నిలిచింది, నిలిచిన స్వరాన్ని జారుగా నడిపించడానికి వ్యవధి దొరికింది. ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి అయిదు ఒంటి తీగలు అంతకు ముందు లేకపోలేదు. 1952లో పాల్ బిగ్స్‌బీ అనే తయారీదారు టైనీ మూర్ అనే అమెరికన్ వాద్యకారుడికి అలాంటిది చేసిచ్చాడు. 1956లో ఫెండర్ కూడా స్ట్రాటోక్యాస్టర్ పోలికలతో నాలుగు ఒంటి తీగల బుల్లి మాండొలిన్ తెచ్చాడు. వాళ్లు చేసింది డ్యాన్సు బ్యాండు కోసం. శ్రీనివాస్ చేసుకున్నది త్యాగరాజ కీర్తన కోసం. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవంలో మొదటి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసులో, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో. 2014 సెప్టెంబరులో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆ కబురు విన్న రాత్రి అమ్మ టేప్‌రికార్డరు తీయించి, పాత క్యాసెట్టు పెట్టించుకుని ఒక్కమాటా మాట్లాడకుండా వింది. మాండొలిన్ మెట్లు ఎంత దగ్గరగా ఉంటాయో ఒకసారి చూడండి. పై స్థాయిలో రెండు మెట్ల మధ్య వేలి కొన పట్టడమే కష్టం. ఆ ఇరుకులో ఆయన వేలు మెట్టు నుంచి మెట్టుకు జారుతున్నప్పుడు ఎక్కడా గరుకు వినపడదు. వాద్యం నుంచి తీయవలసిందంతా తీసేశాక, చేతిలో మిగిలిన అడ్డును సాధనతో తీసేసిన వాదనం అది.

వరండాలో ఎండ మళ్లింది. పలక మీద స్క్రూలు పదకొండూ అట్ట మీది వరసలోనే బిగించాను. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు ఏటా పానాలు, స్క్రూడ్రైవర్లతో పాటు ఈ గిటారుకూ పసుపూ కుంకుమా పెడతాం. కిందటేటి కుంకుమ పొడి ఇంకా గుర్రం స్క్రూల మధ్య ఉంది, దాన్ని తుడవలేదు. కొత్త తీగల ప్యాకెట్ విప్పాను. సన్నది ఇంచిలో వందో వంతు, లావుది దానికి నాలుగున్నర రెట్లు. నాన్న మొదటి తీగ చుట్టను అరచేతిలో వేసుకుని, బొటనవేలితో కొసను కొంచెం వంచి వదిలాడు. అది టక్కున తిరిగొచ్చింది.

‘మా దగ్గర తీగ ఎర్రగా కాలుతూ నడుస్తాది. ఇది చల్లారాక లాగిందిరా,’ అన్నాడు. ‘ఎన్ని అచ్చుల్లోంచి లాగితే ఇంత సన్నం అవుతాదో.’

మరోసారి వంచి, చెవి దగ్గర పెట్టుకుని వదిలాడు. తర్వాత నాకిచ్చాడు, ‘ఎక్కించు’ అని.